కింది కుప్ప

బెల్టు మీద చెత్త వస్తున్నప్పుడు ఆమె దాన్ని చూడదు. చూస్తే చెయ్యి ఆలస్యమవుతుంది. కన్ను ఒక మూర ముందుకు పోయి నిలబడుతుంది. చెయ్యి వెనకాల తనంతట తాను పని చేసుకుపోతుంది. నొక్కుకుపోయిన డబ్బా, నిలువునా చీలిన డబ్బా, ఇంకా అడుగున పానీయం మిగిలిన డబ్బా. అల్యూమినియం ఏదైనా ఆమెదే. పట్టుకోవడం, మణికట్టు తిప్పి పక్కనున్న తొట్టిలోకి విసరడం, అది పడిన చప్పుడు వినిపించేలోపు మరొకటి పట్టుకోవడం. పదకొండేళ్లుగా ఆ షెడ్డులో నాలుగో చోటు ఆమెది. అందరూ గద్దక్క అంటారు. ఆ పేరు పెట్టినవాళ్లు పని మానేసి వెళ్లిపోయారు గాని పేరు మాత్రం బెల్టు దగ్గరే ఉండిపోయింది.

చెత్త బెల్టు మీదికి రాకముందు జల్లెడలోంచి వస్తుంది. జల్లెడ అంటే ఇల్లంత ఇనుప పీపా. అడ్డంగా పడుకుని రోజంతా దొర్లుతూనే ఉంటుంది. ఒళ్లంతా గుప్పెడు పట్టేంత కంతలు. లారీలు గుమ్మరించిన చెత్తను ఒక మూతి దగ్గర మింగి, రెండో మూతి దగ్గర బెల్టు మీదికి కక్కుతుంది. గుప్పెడు కంటే చిన్నదేదైనా సరే, గాజుపెంకు, సీసామూత, కుళ్లిన అన్నం, విరిగిన బొమ్మ కాలు, కంతల్లోంచి కిందికి రాలిపోతుంది. కింద పడిందాన్ని ఎవరూ ఏరరు. దాన్ని కింది కుప్ప అంటారు. సాయంత్రం లారీ వచ్చి దాన్ని ఊరవతల గోతిలో పోసి వస్తుంది.

సోమవారం మధ్యాహ్నం బెల్టు ఆగినప్పుడు సూపర్‌వైజరు ఒక కాగితం పట్టుకుని వచ్చాడు. దేనికైనా "పర్లేదులే" అనడం అతని అలవాటు. గ్లౌజులు చిరిగినా పర్లేదు, ఫ్యాను పాడైనా పర్లేదు. అందుకే అతని వెనకాల అందరూ అతన్ని పర్లేదు సార్ అనే అంటారు.

"గురువారం సినిమావాళ్లొస్తున్నారు," అన్నాడు.

"హీరో ఎవరు సార్?" అని ఐదో చోటు నుంచి గద్దక్క ఆడపడుచు అడిగింది. నోరు ఆగని మనిషి.

"మీ వదినే."

నవ్వులు లేచాయి. "అయ్యో, నేను సైడు యాక్టరునా! చెల్లెలి వేషమైనా ఇప్పించండి సార్, ఏడుపు బాగా వచ్చు నాకు."

సూపర్‌వైజరు కాగితం చదివాడు. కాఫీ కంపెనీ వాళ్లు చిన్న సినిమా తీస్తున్నారు. వాళ్ల కాఫీ బుడ్లు ఇక్కడ ఎంత శ్రద్ధగా ఏరి మళ్లీ లోహంగా మారుస్తారో జనానికి చూపిస్తారట. షెడ్డులో అందరిలోకీ వేగమైన చెయ్యి ఎవరిదంటే గద్దక్క పేరు చెప్పాడు.

బుడ్డి అనేది ఈ ఆడవాళ్లు పెట్టుకున్న పేరు. బొటనవేలంత అల్యూమినియం గిన్నె, లోపల ఒక్క మనిషికి సరిపడా కాఫీపొడి, పైన రేకు మూత. ఆఫీసుల్లో దాన్ని మిషన్లో పెట్టి మీట నొక్కితే, సూది గుచ్చుకుని, వేడినీళ్లు దూరి, అర నిమిషంలో కప్పు నిండుతుంది. ఆ అర నిమిషంతో బుడ్డి పని అయిపోతుంది.

"బుడ్లు బెల్టు దాకా రావు కదండీ," అంది ఆమె. "జల్లెడలోనే రాలిపోతాయి."

"తెలుసమ్మా. అందుకే వాళ్లే ఓ సంచీ తెచ్చుకుంటారు. జల్లెడ దాటాక బెల్టు మీద చల్లుతారు. నువ్వు ఏరతావు. ఒక మాట చెప్తావు. అంతే."

"ఏం మాట?"

అతను కాగితంలో వెతికాడు. "ఒక్కటీ వదలం."

ఆడపడుచు కిసుక్కున నవ్వింది. ఆమె నవ్వలేదు. గ్లౌజుల్లో వేళ్లు ముడిచి, విప్పింది.

"పర్లేదులే," అన్నాడు సూపర్‌వైజరు, ఎవరూ ఏమీ అనకుండానే.

*

ఇంట్లో కూతురు అప్పటికే వచ్చి వంట మొదలుపెట్టింది. ఏడాదిగా ఓ పెద్ద ఆఫీసులో ముందు బల్ల దగ్గర కూర్చుంటోంది, వచ్చినవాళ్లను పలకరించే ఉద్యోగం. ఉల్లిపాయ తరుగుతూ, వెనక్కి తిరక్కుండానే అడిగింది.

"ఇవాళ ఎన్ని కనబడ్డాయమ్మా?"

ఇది నెలరోజులుగా నడుస్తున్న ఆట. ఆ ఆఫీసులో కాఫీ మిషన్ పక్కన ఆకుపచ్చ డబ్బా ఒకటి పెట్టారు, వాడిన బుడ్లు అందులో వేయమని. ఆ డబ్బా ఎక్కడికెళ్తుందని కూతురు ఆరా తీసింది. అమ్మ పనిచేసే షెడ్డుకే. ఆ రోజు పరుగున ఇంటికొచ్చింది. మర్నాటి నుంచి తన బుడ్డిని తానే కడిగి, అడుగున గోళ్లరంగుతో ఎర్రచుక్క పెట్టి డబ్బాలో వేయడం మొదలుపెట్టింది. "నీ చేతికొస్తే నేనే అనుకో," అంది.

ఆ మొదటి సాయంత్రం ఆమె నిజం చెప్పేసి ఉండవలసింది. బుడ్డి తన చేతి దాకా రాదనీ, నాలుగడుగుల ముందే రాలిపోతుందనీ. ఆ నాలుగు మాటలూ ఆమె చెప్పలేదు. ఎందుకంటే ఆ మాటలకు ముందు కూతురు ఇంకో మాట చెప్పింది. ఆఫీసులో అందరికీ చెప్పానంది, "మా అమ్మ అక్కడే పనిచేస్తుంది" అని. అంతకు ముందు ఎవరైనా అడిగితే ఆ పిల్ల "ఫ్యాక్టరీలో" అని మాట తప్పించేది. అది తల్లికి తెలుసు. తెలుసని కూతురికి తెలియదు. పదకొండేళ్ల చెత్తవాసన ఒక్క ఎర్రచుక్కతో ఎవరో తుడిచేసినట్టయింది ఆమెకు. "కనబడింది," అని చెప్పింది. అనేశాక అదేమంత పెద్ద అబద్ధమనిపించలేదు. అయితే అది ఒక్కరోజుతో పోలేదు. రోజూ మేత అడిగింది.

"రెండు," అంది ఇప్పుడు చెప్పులు విడుస్తూ.

"రెండేనా? మూడు తాగాను నేను!" కూతురు నవ్వింది. "గద్ద కన్ను మందగిస్తోందమ్మోయ్."

"బెల్టు జోరు మీదుంది."

ముఖం కడుక్కోవడానికి వెళ్లింది. నీళ్లు చల్లుకున్నాక కూడా అద్దంలో చూసుకోలేదు. భోజనాల దగ్గర సినిమా సంగతి చెప్పింది. చెప్పకుండా ఉంటే బాగుండునని నోరు తెరిచాక అనిపించింది. కూతురు కంచం ముందు నుంచి లేచి, ఎంగిలి చెయ్యి పైకి పట్టుకుని, మోచేతులతో తల్లి మెడ వాటేసుకుంది.

*

మంగళవారం అలవాటు చేయించడానికి కాఫీ కంపెనీ మేడం వచ్చింది. కూడా కెమెరా అతను. మేడం మర్యాదస్తురాలు. అందరికీ నమస్కారం పెట్టింది, ముక్కుకు గుడ్డ అడ్డుపెట్టుకోలేదు. చర్మంలా అంటుకునే కొత్త గ్లౌజులు పంచింది. బెల్టు వేగం సగానికి తగ్గించమంది.

"ఇంత నెమ్మదైతే కునుకు తీసి లేచి ఏరొచ్చు వదినా," అని ఆడపడుచు గొణిగింది.

సంచీ విప్పి బుడ్లు చల్లారు. ఆకుపచ్చ, ఊదా, బంగారురంగు. పెళ్లి విస్తట్లోని మిఠాయిల్లా తళతళలాడుతూ వచ్చాయి. ఆమె ఒకటి అందుకుంది. తేలిక. ఉండవలసినదానికంటే తేలిక. తిప్పి చూసింది. మూతకు సూది గుచ్చిన కంత లేదు. ఊపితే లోపల పొడి చప్పుడు లేదు. ముక్కు దగ్గర పెట్టుకుంటే వాసనే లేదు. ఎవరూ తాగని బుడ్లు. నింపకుండా, సినిమా కోసమే తయారైనవి.

"బాగుంది, బాగుంది!" అంది మేడం. "ఇప్పుడు కెమెరా వైపు చూసి ఆ మాట అనండి."

"ఒక్కటీ వదలం," అంది ఆమె.

"ఇంకొంచెం నవ్వుతూ."

"ఒక్కటీ వదలం."

రెండోసారి అన్నప్పుడు ఆ మాట ఆమెకు పరిచితంగా వినిపించింది. ఎక్కడ విన్నానా అనుకుంది. "కనబడింది," "రెండు," "బెల్టు జోరు మీదుంది" అని ఇంట్లో తను అనే గొంతే ఇది. వీళ్లు పెద్ద కంపెనీ పెట్టి, కెమెరా తెచ్చి చేస్తున్న పని తను ఉత్త చేతులతో నెలరోజులుగా చేస్తోంది. కోపం రావలసిన చోట మొదట సిగ్గు వచ్చింది. సిగ్గు కింద కోపం ఎంతసేపటి నుంచి ఉందో తెలియలేదు.

వాళ్లు వెళ్లాక సూపర్‌వైజరును పట్టుకుంది. "సార్, శుక్రవారం నుంచి?"

"శుక్రవారం నుంచి ఏముంది?"

"ఈ బుడ్లు. ఏరతామని చెప్పాక, ఏరాలి కదండీ. సన్నకంతల జల్లెడ ఇంకోటి పెడితే కింది కుప్పలోంచి కూడా..."

"ఎప్పటిలాగే," అన్నాడు. కళ్లజోడు తీసి చొక్కా అంచుతో తుడుచుకున్నాడు. చెడ్డవాడు కాదు. "అడగలేదనుకున్నావా? మూడేళ్ల కిందటే అడిగాను. వాటిలో కాఫీపిప్పి తడిగా ఉంటుంది, విడదీయడానికి మన దగ్గర ఏర్పాటు లేదు, వద్దన్నారు. నువ్వు మాట చెప్పేసి ఇంటికెళ్లు. నీకేం పోయింది?"

ఆ ప్రశ్నకు ఆమె దగ్గర జవాబు ఉంది. అది అతనితో చెప్పుకునేది కాదు.

*

బుధవారం జల్లెడ శుభ్రం చేసే రోజు. మిషన్ ఆపి, తాళం వేసి, తాళంచెవి మెడలో వేసుకుని ఇద్దరు పీపాలోకి దూరతారు. కంతలకు చుట్టుకుపోయిన తాళ్లు, వైర్లు, చీరముక్కలు, జుట్టు కోసి లాగాలి. ఈ వారం వంతు ఆమెదీ, ఆడపడుచుదీ.

లోపల మోకాళ్ల మీద కూర్చుని ఆడపడుచు కత్తితో ఒక వైరు కోస్తోంది. కత్తి పట్టిన ఆ కుడిచేతి చిటికెనవేలు వంకర. ఆరేళ్ల కిందట బెల్టు అంచున ఇరుక్కుని నలిగింది. అతికింది గాని మిగతావాటికి దూరంగా, ఎవరి మీదో అలిగినట్టు పక్కకు తిరిగి ఉంటుంది.

"ఏంటొదినా రెండ్రోజుల నుంచి మూగనోము పట్టావు? అప్పుడే హీరోయిన్ వేషాలా?"

"దానికి అబద్ధం చెప్పాను," అంది ఆమె. కూతురి ఎర్రచుక్కల సంగతి మొత్తం చెప్పింది. ఇనుప పీపాలో మాటలు రెండేసిసార్లు వినిపించాయి.

ఆడపడుచు కత్తి ఆపింది. "నా మేనకోడలు చుక్కలు పెడుతోందా? వెర్రితల్లి." మళ్లీ వైరు కోస్తూ అంది. "పోనీలే వదినా. సినిమా చూశాక ఇంకేం అడుగుతుంది? నమ్మేస్తుంది. నీ అబద్ధం కూడా గట్టెక్కిపోతుంది."

ఓదార్పుగానే అంది. ఆమె మాత్రం చేతికందిన చీరముక్కను ఒక్క గుంజుతో తెంపేసింది.

పని అయ్యాక ఆడపడుచు పైకి వెళ్లింది. ఆమె ఇనుప నిచ్చెన దిగి కింది కుప్ప దగ్గరకు వచ్చింది. ఇన్నేళ్లలో కుప్ప పడే ఆ అరుగు మీద నిలబడ్డ సందర్భాలు వేళ్ల మీద లెక్కపెట్టవచ్చు. తడి, పులిసిన వాసన. గోడ పక్కన ఇనుప పళ్ల గొర్రు ఉంటే తీసుకుంది. ఒక్కసారి లాగింది. మూడు బుడ్లు దొర్లాయి. మళ్లీ లాగింది. ఏడు, ఎనిమిది. బూజు పట్టిన పిప్పి, దాని మీద చీమలు. చెత్త రంగులో కలిసిపోయి కనిపించలేదంతే. కుప్పలో గొర్రు ఎక్కడ వేస్తే అక్కడ ఉన్నాయి. బియ్యంలో రాళ్లలా అక్కడొకటి ఇక్కడొకటి కాదు, రాశిలో గింజల్లా. ఒక మనిషి ఎక్కడో కొండ తవ్వి, మట్టి కాల్చి, కరిగించి, రేకు చేసి, గిన్నెగా నొక్కితే అర నిమిషం పనిచేసి ఇక్కడికొచ్చి పడుకున్నాయి. సాయంత్రం గోతిలోకి పోతే తన తరువాత, కూతురి తరువాత, ఆ పిల్లకు పుట్టబోయేవాళ్ల తరువాత కూడా అలాగే గిన్నెలుగానే ఉంటాయి.

పక్కనున్న బక్కెట్లో వేయడం మొదలుపెట్టింది. బక్కెట్ నిండటానికి పది నిమిషాలు పట్టలేదు. వెతుకుతున్నానని ఒప్పుకోకుండానే ప్రతి బుడ్డినీ అడుగు పైకి తిప్పి చూస్తోంది. ఎర్రచుక్క కనిపించినప్పుడు చెయ్యి ఆగింది.

కడిగిన బుడ్డి అది. దాని సొంత పిప్పి లేదు. కానీ పక్కవాటి పిప్పి దాని నిండా చేరింది. అచ్చం అన్నింటిలాగే ఉంది, ఆ చుక్క తప్ప. ఆమె దాన్ని చీర మీద తొడుక్కున్న పని చొక్కా జేబులో వేసుకుంది. ఆ సాయంత్రం కూతురు అడిగిన ప్రశ్నకు తలనొప్పిగా ఉందని చెప్పి గోడ వైపు తిరిగి పడుకుంది. బుడ్డి జేబులోనే ఉంది.

*

గురువారం దీపాలు పెట్టారు. షెడ్డులో అంత వెలుగు ఎప్పుడూ లేదు; తాము పనిచేసే గోడ నీలంరంగని చాలామందికి ఆ రోజే తెలిసింది. సూపర్‌వైజరు తల దువ్వుకుని వచ్చాడు. లాంఛనానికి జల్లెడ కూడా తిప్పుతున్నారు, వెనకాల తిరుగుతుంటే బాగుంటుందని. మేడం చేతిలో సంచీ ఉంది.

"అక్కా, సిద్ధమేనా?"

తర్వాత చాలాసార్లు ఆమె ఆ క్షణాన్ని వెనక్కి తిప్పి చూసుకుంది. ముందుగా ఏమీ అనుకోలేదు. పదకొండేళ్లుగా కన్ను ముందు పోతే చెయ్యి వెనకాల నడిచింది. ఆ రోజు చెయ్యే ముందు కదిలింది. మేడం చేతిలోంచి సంచీ తీసుకుంది. లాక్కోలేదు; బరువైంది ఇలా ఇవ్వండి అన్నట్టు తీసుకుంది. మేడం కూడా అలాగే ఇచ్చింది. బెల్టు పక్కనుంచి నడిచి, ఇనుప మెట్లెక్కి, జల్లెడ మొదటి మూతి దగ్గర నిలబడి, సంచీ బోర్లించింది.

బుడ్లు లోపల పడ్డాయి. పీపా దొర్లింది. కింద అరుగు నుంచి, రేకు కప్పు మీద వడగళ్లు పడినట్టు చప్పుడు మొదలైంది. టపటప, టపటప, కాసేపు ఆగి, మళ్లీ ఒకటి రెండు. ఆమె మెట్లు దిగింది. నాలుగో చోటుకు వచ్చింది. కొత్త గ్లౌజులు వేసుకున్న రెండు చేతులూ బెల్టు మీదికి చాపి నిలబడింది.

బెల్టు కదులుతోంది. దాని మీద ఏమీ లేదు. పొద్దున్నే కడిగిన నల్లటి రబ్బరు, అతుకు, మళ్లీ నల్లటి రబ్బరు. ఆమె చేతులు చాపే ఉంచింది. ఆపమని ఎవరూ అనలేదు కాబట్టి కెమెరా అతను తీస్తూనే ఉన్నాడు. అతుకు రెండోసారి తిరిగి వచ్చింది.

"ఏమైంది? ఎందుకు రావట్లేదు?" అంది మేడం.

"రావు మేడం. ఎప్పుడూ రావు. విన్నారు కదా, కింద పడ్డాయి. వచ్చినవి ఒక్కటీ వదలను నేను. ఇదిగో చేతులు." ఆమె గొంతు పెంచలేదు. "రప్పించండి. ఏరతాను."

దీపాల వేడికి సూపర్‌వైజరు నుదురు మెరుస్తోంది. బెల్టు ఆపించాడు. ఆమెను పక్కకు పిలిచాడు. "పిచ్చిగాని పట్టిందా నీకు? నా ముఖం ఎక్కడ పెట్టుకోను?"

"నా ముఖం ఎక్కడ పెట్టుకోవాలో తెలియకే చేశాను సార్."

"అంత ప్రేమ ఉంటే కింది కుప్ప దగ్గరే ఉండు! రేపటి నుంచి పార పట్టుకుని లారీకెత్తు. నాలుగో చోటు ఇక నీది కాదు."

మేడం మనుషులు రెండో సంచీ తెచ్చారు. సూపర్‌వైజరు చూపు ఐదో చోటు మీద పడింది. ఆడపడుచు ఒకసారి వదిన వైపు చూసింది, ఒకసారి నేల వైపు. నాలుగో చోటుకు జరిగింది. వెలుగులో బుడ్లు తళతళలాడుతూ వచ్చాయి. "ఒక్కటీ వదలం," అని ఆడపడుచు నవ్వుతూ అనడం తలుపు బయటికి కూడా వినిపించింది. మొదటిసారికే సరిగ్గా చెప్పింది.

బయట కుళాయి దగ్గర ఆడపడుచు కలిసింది. "నన్నేం చెయ్యమంటావు వదినా? నాకు ఈ పని కావాలి."

"నేనేమన్నాను?"

"ఏమీ అనవు. అదే నీతో బాధ."

*

ఆ సాయంత్రం కూతురు తలుపు దగ్గరే ఎదురొచ్చింది. "ఎలా జరిగింది? మాట తడబడలేదు కదా?"

ఆమె జేబులోంచి బుడ్డి తీసి కూతురి అరచేతిలో పెట్టింది.

"నాదే! ఇంత మురికిగా ఉందేంటి?"

"ఇదొక్కటే నా చేతికొచ్చింది. అది కూడా నేను వెతుక్కుంటే. మిగతావేవీ రాలేదు. నేను చూశానని చెప్పినవన్నీ అబద్ధం."

జల్లెడ సంగతి, కంతల సంగతి, గొయ్యి సంగతి వరుసగా చెప్పింది. నిలబడే చెప్పింది. కూతురు బుడ్డిలోకి చూస్తూ వింది.

"నెలరోజులు," అంది చివరికి. "నెలరోజులుగా నేను ఆ మిషన్ దగ్గర కాపలా కాశానమ్మా. కడగకుండా వేసినవాళ్లతో పోట్లాడాను. మా మేనేజరుతో కూడా. చెత్త పెరుగుతుందని ఆలోచించి ఒకటే తాగేవాళ్లు, మీ అమ్మ దగ్గరికే వెళ్తాయిగా అని మూడేసి తాగుతున్నారు ఇప్పుడు. నా మాట మీద. నా చేత చెప్పించావు నువ్వు."

"ఔను."

"నాకెందుకు చెప్పలేదు?"

"నువ్వు నా పని గురించి నలుగురిలో చెప్పుకున్నావని." ఆమె తన అరచేతుల వైపు చూసుకుంది. "అది పోతుందని."

కూతురు లోపలికి వెళ్లి తలుపు వేసుకుంది. అన్నాలు ఇద్దరూ వేరువేరుగా తిన్నారు. పొద్దున తల్లి లేచేసరికే కూతురు వెళ్లిపోయింది.

*

కింది కుప్ప దగ్గర పని పార పని. ఎత్తడం, తోపుడుబండిలో పోయడం, బండి లారీ దాకా తొయ్యడం. మొదటి పారకే ఆమెకు తెలిసింది, ఇక్కడ బెల్టు లేదు. తరిమేది ఏదీ లేదు. కావలసినంతసేపు చూడవచ్చు.

గోడ పక్కన ఖాళీ గోనెసంచులు పడి ఉన్నాయి. పార వేసే ముందు గొర్రుతో లాగి, బుడ్లు ఏరి, గోనెలో వేసి, ఆ తరువాతే మిగిలింది బండికెత్తింది. బండ్లు తగ్గకుండా చూసుకుంది. మధ్యాహ్నం తిండికి కూర్చోలేదు. శుక్రవారం రెండు గోనెలు. శనివారం మూడు.

సూపర్‌వైజరు మెట్ల మీదినుంచి చూశాడు. "ఎవరు ఏరమన్నారు నిన్ను?"

"మీరే కదండీ. ఒక్కటీ వదలం అన్నారు."

"అది సినిమాలో!"

"సినిమాలో ఉన్నది మన షెడ్డే కదా సార్."

అతను పర్లేదు అనలేదు. కాదు అని కూడా అనలేక వెనక్కి వెళ్లాడు.

శనివారం సాయంత్రం కూతురు మౌనం విడిచింది. చెప్పులు విప్పకుండానే గడపలో నిలబడి చెప్పింది. "ఆ ఆకుపచ్చ డబ్బా మీది కాగితం పీకేశాను. మళ్లీ లోహం అవుతాయని రాసి ఉంటుందే, అది."

"ఎవరైనా అడిగితే?"

"అడిగారు. మేనేజరే అడిగాడు. అబద్ధం కాబట్టి పీకానన్నాను. నీకెలా తెలుసన్నాడు." చెప్పు పట్టీ ఊడదీసుకుంటూ, తల ఎత్తకుండా అంది, "మా అమ్మ చెప్పిందన్నాను."

ఆమె పొయ్యి మీది గిన్నె దించింది. చేతికి గుడ్డ పట్టుకోవడం మరిచిపోయింది. కాలిందని కాసేపటికి గాని తెలియలేదు.

*

సోమవారం మరో మూడు గోనెలు నిండాయి. సాయంత్రం, పని దిగే వేళకు మేడం మళ్లీ వచ్చింది. గేటు పక్కగోడకు బోర్డు బిగించారు. మనిషెత్తు బోర్డు. దాని మీద రంగురంగుల బుడ్లను దోసిట్లో పట్టుకున్న రెండు చేతులు. పైన పెద్ద అక్షరాలు: ఒక్కటీ వదలం. ఫొటో కోసం ఆడవాళ్లందరినీ బోర్డు ముందు వరుసగా నిలబెట్టారు.

"నీ చేతులేనే! ఇంక నిన్ను ఆపలేం," అని ఎవరో ఆడపడుచును గిల్లారు.

ఆడపడుచు నవ్వుతూ దగ్గరకు వెళ్లింది. చూసింది. నవ్వు ముఖం మీద అలాగే ఉండిపోయింది గాని వెనకాల ఏదో దిగిపోయింది. తన కుడిచెయ్యి ఎత్తి బోర్డు మీది చేతి పక్కన పెట్టి చూసుకుంది. బోర్డు మీది చిటికెనవేలు తిన్నగా ఉంది. మిగతా మూడింటితో బుద్ధిగా కలిసి ఉంది. ఎవరో దిద్దారు.

"ఇది నా వేలు కాదు," అంది, ఎవరితోనూ కాదు.

అప్పుడే షెడ్డు మూల నుంచి ఈడుస్తున్న చప్పుడు వినిపించింది. గద్దక్క గోనె ఒకటి లాక్కొస్తోంది. తడిపిప్పితో సగం రాయిలా ఉంది గోనె. వెనకాల నేల మీద నల్లటి చార. తెచ్చి సరిగ్గా బోర్డు కింద నిలబెట్టింది. మూతి విప్పింది. చీమలు పట్టిన ఊదా, ఆకుపచ్చ, బంగారురంగు. పులిసిన కాఫీ వాసన గేటు దాకా కమ్మింది. ఈసారి మేడం చెయ్యి తెలియకుండానే ముక్కు దగ్గరకు పోయింది.

"ఏంటిది?" అన్నాడు సూపర్‌వైజరు.

"మీ బుడ్లే. ఒక్కటీ వదల్లేదు." చెమట మోచేత్తో తుడుచుకుంది. "ఎక్కడ పెట్టమంటారు మేడం?"

మేడం సూపర్‌వైజరును చూసింది. సూపర్‌వైజరు కళ్లజోడు తీశాడు. తుడవడానికి చొక్కా అంచు పట్టుకుని, తుడవకుండా అలాగే ఉండిపోయాడు. పని దిగే సైరన్ మోగింది. ఎవరూ కదల్లేదు.

ఆమె గోనెను అక్కడే వదిలింది. తరువాత వెనక్కి నడిచింది. రెండో గోనె మొదటిదానికంటే బరువు. వంగి చెవులు పట్టి గుంజింది. కదల్లేదు. మళ్లీ గుంజబోతుంటే అవతలి పక్క తేలికైంది. తల ఎత్తింది. ఆడపడుచు గ్లౌజులు లేకుండా, వంకర వేలు గోనెలోకి గుచ్చి, రెండో చెవి పట్టుకుని ఉంది.

"నీకు ఈ పని కావాలన్నావు," అంది ఆమె.

"కావాలి. నా వేలు కూడా కావాలి నాకు." ఆడపడుచు గోనె ఎత్తింది. "ఎన్నున్నాయి మొత్తం?"

"ఇది కాక ఆరు."

"అయితే మాటలు కట్టిపెట్టి నడువు వదినా. చీకటిపడేలోపు ఈ గోనెలు పేర్చి గేటుకు అడ్డం కట్టెయ్యాలి మనం."